మట్టి మనది, గాలి ఊరిది

తెలుగువాళ్ళు ఊరు విడిచి ఎంతదూరం వెళ్ళి స్థిరపడినా ఇంటిపేరూ, ఊరగాయ జాడీ, ఒక మొక్కా వెంట తీసుకువెళ్తారు. ఇంటిపేరు తరాలు గడిచినా నిలుస్తుంది. ఊరగాయ అక్కడి మిరపకాయకు తగినట్టు కొంచెం రుచి మార్చుకుంటుంది. మొక్క సంగతి మాత్రం ముందుగా చెప్పలేం. మల్లె కానీయండి, కనకాంబరం కానీయండి, కరివేపాకు కానీయండి, ఒక ఇంట్లో దొడ్డంతా కళకళలాడుతుంది. మరొక ఇంట్లో నెల తిరగకుండానే ఎండి పుల్ల అవుతుంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు, "మా కోడలికి హస్తవాసి లేదమ్మా, దాని చెయ్యి పడితే పచ్చనిది నిలవదు" అంటారు.

ఈ మాట నేను ఒకటి రెండు ఇళ్ళలో కాదు, చాలా ఇళ్ళలో విన్నాను. కోడలు మారు పలకదు. పుట్టింటి ఊరినుంచి మరొక మొక్క తెప్పిస్తుంది. అదీ పోతుంది. మాట మరింత గట్టిపడుతుంది.

హస్తవాసి అనేది బొత్తిగా లేదని నేననను. నీళ్ళు ఎప్పుడు పోయాలో, ఎప్పుడు పోయకూడదో ఆకు చూసి చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు. కాని మొక్క బతుకులో మన చేతి వాటా సగమే. మిగతా సగం ఆ ఊరి గాలిది. మట్టిని బండిమీద తెప్పించుకోవచ్చు. ఎరువు కొనుక్కోవచ్చు. నీళ్ళు మోసుకురావచ్చు. గాలిని మాత్రం ఎంత డబ్బు పోసినా పుట్టింటి నుంచి తెచ్చుకోలేం.

పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ, ఊరికే చుట్టపుచూపుగానూ కొన్నేళ్ళుగా మనవాళ్ళున్న ఊళ్ళు చాలా తిరిగాను. ఎవరింటికి వెళ్ళినా ముందు పెరడు చూడడం నాకు అలవాటు. పెరడు లేకపోతే డాబా, డాబా లేకపోతే కిటికీ చువ్వల మధ్య కుండీ. అలా చూసినవాటిలో పదిమందికీ పనికివచ్చే సంగతులు ఇక్కడ చెబుతాను.

గాలి దాహం

మొక్క వేళ్ళతో నీళ్ళు తాగుతుందని చిన్నప్పుడే చదువుకున్నాం. ఆ తాగిన నీటిలో మొక్క ఒంటికి పట్టేది బహు కొద్ది. నూటికి తొంభై పాళ్ళకు పైగా ఆకుల్లో ఉండే సన్నని రంధ్రాల గుండా ఆవిరై గాలిలో కలిసిపోతుంది. గాలి పొడిగా ఉంటే ఆ నీటిని గబగబ లాగేస్తుంది. వేళ్ళు అంత తొందరగా అందించలేవు. అందుచేతనే కుండీలో తడి ఉండగానే ఆకు అంచులు మాడడం చూస్తూ ఉంటాం. గాలి తేమగా ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది. మెత్తని, వెడల్పాటి ఆకులున్న మొక్కలు హాయిగా ఉంటాయి. ఐతే ఆకుమీద పడ్డ నీరు ఆరదు గనుక బూజులూ మచ్చలూ వచ్చేదీ అక్కడే. ఒక మొక్కకు అమృతమైన గాలి మరొకదానికి జబ్బు తెచ్చిపెడుతుంది.

మీ ఊరి గాలి ఎట్టిదో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. వంటింట్లోకి వెళ్ళి చూడండి. గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటితే ఉప్పు నీటిని పీల్చుకుంటుంది. మూత తీసిన ఉప్పు జాడీ ఏ నెలలో చెమరుస్తుందో, ఏ నెలలో గలగలలాడుతుందో మీ ఇంట్లోవాళ్ళకు తెలిసే ఉంటుంది. అలాగే వడియాలు. ఒక పూట ఎండకే గలగలమన్నాయంటే ఆ గాలి దాహం మీద ఉన్నట్టు. అదే గాలి మీ మొక్కల ఆకులమీద కూడా వీస్తున్నది.

తేమతోపాటు మరి రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, రాత్రి చల్లదనం. సముద్రమట్టం నుంచి ప్రతి 1000 అడుగుల ఎత్తుకూ ఎండ వేడిమి సుమారు 2 డిగ్రీలు తగ్గుతుందని లెక్క. రెండవది, వాన వచ్చే నెల. ఏడాదికి ఎన్ని అంగుళాలు పడిందన్నది ఒక ఎత్తు, అది ఎప్పుడు పడిందన్నది ఒక ఎత్తు.

మొక్కల పుట్టిల్లు

రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక ఊళ్ళ పేర్లు మొక్కలు పెంచేవాళ్ళందరికీ తెలిసినవే. రోడ్డుకు ఇరుపక్కలా నర్సరీలు. అక్కడినుంచి లారీలమీద మొక్కలు దేశం నలుమూలలకూ వెళ్తాయి. మన షోలాపూరులో, బెంగుళూరులో, బరంపురంలో కొనుక్కునే మొక్కల్లో అక్కడ పుట్టినవి ఎన్నో.

ఆ వ్యాపారం అక్కడే ఎందుకు కుదురుకున్నదంటే, గోదావరి ఒండ్రుమట్టి ఒక కారణం, కాలువ నీరు మరొకటి. మూడవది ఎవరూ చెప్పరు, అది గాలి. సముద్రం దగ్గర, చుట్టూ వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు. వేసవిలో సైతం గాలిలో తేమ బొత్తిగా పోదు. చలికాలపు రాత్రులు మొక్కను బాధించేటంత చల్లబడవు. నాటిన కొమ్మ వేళ్ళు పోసుకునేదాకా వాడిపోకుండా ఉండాలంటే ఇట్టి గాలే కావాలి. గౌతమీతీరాన ఉన్న యానాంలోనూ ఇదే వరస. అక్కడ తమలపాకు తీగ అవిసె చెట్టు నీడన, అరటి పక్కన, ఎవరూ పట్టించుకోకపోయినా పాకిపోతుంది.

ఈ గారాబంలోనే ఒక చిక్కు ఉన్నది. అంత తేమలో పెరిగిన ఆకు లేతగా, పలచగా ఉంటుంది. నీటిని బిగపట్టుకోవడం దానికి తెలియదు. లారీలో రోజుల తరబడి ప్రయాణం చేసి మెట్ట ఊళ్ళో నడివేసవిలో దిగిన మొక్క, అత్తవారింటికి వచ్చిన రోజునే పొయ్యి దగ్గర నిలబెట్టిన కొత్త పెళ్ళికూతురు వంటిది. నాలుగు రోజుల్లో ఆకు రాలుస్తుంది. ఆకు రాల్చినంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. ఆ గాలికి తగిన కొత్త ఆకు వేసుకోవడానికి దానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వక, కంగారుపడి బిందెలకొద్దీ నీళ్ళు పోసి, వేళ్ళు కుళ్ళబెట్టేవాళ్ళే ఎక్కువ.

బరంపురం మొగలి

కోస్తా వెంబడి ఉత్తరంగా వెళ్తే బరంపురం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనిదే గనుక అక్కడ మన భాష కొత్తది కాదు. బరంపురం నుంచి ఛత్రపురం వైపు ప్రయాణం చేస్తే చేలగట్లమీదా, వాగుల ఒడ్డునా మొగలి పొదలు కోటగోడల్లా కనిపిస్తాయి. ఓఢ్రులు దీనిని కియా అంటారు. శివపూజకు పనికిరాదని మనం పక్కన పెట్టిన ఈ పువ్వే అక్కడ ఎన్నో కుటుంబాలకు అన్నం పెడుతున్నది.

సువాసన మగపొద పువ్వుకే. తెల్లవారుజామున కోసి, వాసన ఎగిరిపోకముందే రాగి పాత్రల్లో వేసి బట్టీ పెడతారు. వానకాలంలో పూత ముమ్మరం. మన తూర్పుతీరంలో మొగలి పొద ఎరుగని ఊరు అరుదు. అయినా మొగలి అత్తరు వ్యాపారం గంజాం తీరాన్నే పట్టుకుని ఉన్నది. గంజాం మొగలిపువ్వుకూ, దాని అత్తరుకూ ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇసుకనేల, సముద్రపు తేమ, వేళకు వాన, ఈ మూడూ ఒకచోట కుదరడమే దాని భాగ్యం.

సముద్రానికి మరీ దగ్గరగా, గోపాలపురంలాంటి చోట కాపురమున్నవారికి ఒక మాట. అక్కడి గాలిలో తేమతోపాటు ఉప్పు కూడా ఉంటుంది. గులాబీ ఆకుల అంచులు కాలినట్టయితే అది పురుగు పని అనుకోకండి. గన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు ఈ గాలిని తట్టుకుంటాయి. గులాబీ కావాలంటే సముద్రానికి పెడమొగంగా, గోడచాటున పెట్టుకోవాలి.

చెన్నపట్నంలో ఆషాఢం

చెన్నపట్నంలో ఏడాదికి సుమారు 55 అంగుళాల వాన. వినడానికి గోదావరి జిల్లాల కంటె తక్కువేమీ కాదు. కాని అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల కురుస్తుంది. మన పెద్దవాళ్ళ అలవాటు ఆషాఢం రాగానే, తొలకరి తడిమీద మొక్క నాటడం. గోదావరి ఒడ్డున ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. చెన్నపట్నంలో ఆషాఢంలో నాటితే ఆశ్వయుజం దాకా నీళ్ళు మనమే మోయాలి. అక్కడ వినాయకచవితి దాటాక నాటడం మేలు. వేరు పట్టేసరికి పెద్ద వాన అందుకుంటుంది. లోతట్టు చోట ఐతే మడి కొంచెం ఎత్తు చేసి మరీ నాటుకోవాలి.

రాత్రులు కూడా వెచ్చగా ఉండే ఊరు గనుక మల్లె, కనకాంబరం, నందివర్ధనం, కరివేపాకు అక్కడ సంతోషంగా ఉంటాయి. గులాబీ మాత్రం వేసవి వేడికి తొందరపడి విచ్చుకుని, చిన్నదై, సాయంకాలానికి రంగు వెలిసిపోతుంది. చెన్నపట్నంలో 1835 నుంచి వ్యవసాయ ఉద్యాన సంఘం ఒకటి ఉన్నది. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు అట్టి పాత తోటల్లో ఏయే చెట్లు నిలదొక్కుకున్నాయో ఒకసారి చూసి రావడం మంచిది.

బెంగుళూరు మెత్తదనం

బెంగుళూరు సుమారు 3000 అడుగుల ఎత్తున ఉన్నది. పైన చెప్పిన లెక్క ప్రకారం సముద్రతీరం కంటె 6 డిగ్రీలు చల్లన. వాన ఏడాదికి 38 అంగుళాలకు అటూ ఇటూ. ఐతే మే నుంచి అక్టోబరు దాకా విడతలు విడతలుగా పడుతుంది. ఒక్కసారిగా ముంచెయ్యదు, నెలల తరబడి మాడ్చదు. అందుకే దేశదేశాల చెట్లు అక్కడ ఒక్క వీధిలో కాపురం చేస్తున్నాయి.

లాల్‌బాగ్ చూడని తెలుగువాడు బెంగుళూరులో ఉండడు. 1760లో హైదరాలీ మొదలుపెట్టగా టిప్పుసుల్తాను పెంచిన తోట అది. ఇప్పుడు 240 ఎకరాలు. 1889లో పునాది వేసిన గాజుమేడలో జనవరి, ఆగస్టు నెలల్లో పూల ప్రదర్శనలు జరుగుతాయి. 1908లో ఆ తోట పెత్తనం స్వీకరించిన జర్మను ఉద్యానవేత్త క్రుంబిగల్, ఏడాదిలో ఏ నెల చూసినా ఏదో ఒక వీధి పూసి ఉండేటట్టు చెట్లు ఎంచి నాటించాడని చెప్పుకుంటారు. మాఘఫాల్గుణాల్లో గులాబిరంగు టబెబుయా, తరువాత ఊదారంగు జకరాండా, ఎండలు ముదిరాక ఎర్రని గుల్‌మొహర్. వీటిలో మొదటి రెండూ దక్షిణ అమెరికా వైపునుంచి, మూడవది మడగాస్కరు దీవినుంచి వచ్చినవి. ఆ గాలి ఒప్పుకున్నది గనుక ఊరివే అయిపోయాయి.

అట్టి బెంగుళూరులోనూ మన కరివేపాకు ఒక పరీక్ష పెడుతుంది. రాత్రి చల్లదనం సుమారు 16 డిగ్రీలకు దిగితే దాని చిగురు ఆగిపోతుంది. ధనుర్మాసం వచ్చేసరికి ఆకు పసుపెక్కి రాలుతుంది. చెట్టు పోయిందని ఎరువు మీద ఎరువు వేసి, నీళ్ళు రెట్టింపు చేస్తారు. అప్పుడు నిజంగానే పోతుంది. దానిని నిద్రపోనివ్వాలి. నీళ్ళు తగ్గించి ఊరుకుంటే ఉగాదికి తానే లేస్తుంది. మల్లె కూడా ఆ నెలల్లో పడుకుంటుంది. చేమంతి, గులాబీ ఆ చలికే విరగబూస్తాయి. ఒకటి పడుకున్నప్పుడు ఒకటి లేచి ఉండేటట్టు పెంచుకుంటే ఏడాది పొడుగునా పూజకు పువ్వు తప్పదు.

ఐతే ఈ మెత్తని గాలి మనుషులను కొంచెం పాడు చేసింది కూడా. ఏది నాటినా బతుకుతుందనే ధీమాతో ఇంటింటా పచ్చగడ్డి తివాసీలు పరిచారు. మాఘం నుంచి వైశాఖం దాకా అక్కడ కూడా గాలి పొడిబారుతుంది. ఆ గడ్డి రోజూ నీళ్ళు అడుగుతుంది. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి, తాగే నీటికి ట్యాంకర్లకోసం కాసుకు కూర్చోవలసి వచ్చింది. ఆ మార్చిలో, తాగేనీటిని తోటలకు వాడితే 5000 రూపాయల జరిమానా అని నీటి సరఫరా వారు ఉత్తరువు చేశారు. గాలికి తగని మొక్కను పట్టుబట్టి బతికించాలంటే దాని ఖరీదు మన ఇంటితో పోదు, వీధి బిందెల దాకా వెళ్తుందని ఆ వేసవి తేల్చి చెప్పింది.

కొండెక్కే రైలు

గాలి మారితే తోట ఎట్లా మారుతుందో ఒక్కపూటలో చూడాలంటే మేట్టుపాళయం నుంచి ఉదకమండలానికి కొండ రైలు ఎక్కాలి. కోయంబత్తూరు వైపు తరతరాలుగా స్థిరపడిన మనవాళ్ళకు అది ఇంటి రైలే. కోయంబత్తూరు పడమటి కనుమల చాటున ఉండి వానకు మొగం వాచిన ఊరు. మేట్టుపాళయం దాటి కల్లారు చేరేసరికి కొండపాదాన నీడ, తేమ, వక్కతోటలు. కొంచెం పైన బర్లియారు దగ్గర మలయా దేశపు మాంగోస్టీను పండుతుంది. వెచ్చదనమూ తేమా ఒకేచోట దొరికే సన్నని పట్టీ అది. అక్కడినుంచి రైలు పళ్ళచక్రం పట్టుకుని ఎగబాకుతుంది. కూనూరు చేరేసరికి వక్క లేదు, కొబ్బరి లేదు, ఎటు చూసినా తేయాకు. 1874లో వేసిన సిమ్స్ పార్కు అక్కడే ఉన్నది.

ఉదకమండలం 7300 అడుగుల పైమాట. 1848లో మెక్‌ఐవర్ తీర్చిదిద్దిన సర్కారు వృక్షోద్యానం, 1995లో పెట్టిన గులాబీతోట చూడవలసినవి. అక్కడ చలికాలపు రాత్రుల్లో గడ్డిమీద మంచు పేరుకుంటుంది. మల్లె, కనకాంబరం ఆరుబయట నిలవవు. వాటి బదులు హైడ్రాంజియా అనే గుత్తిపువ్వు నీలంగా పూస్తుంది. ఆ నీలం రంగు అక్కడి పుల్లని నేలది. అదే మొక్కను సున్నపు పాలున్న నేలలో పెడితే పువ్వు గులాబిరంగుకు తిరుగుతుంది. మేలో పూల ప్రదర్శన చూసి ముచ్చటపడి, ఆ కుండీలు మోసుకుని కిందికి దిగే యాత్రికులను చూస్తే నాకు జాలి. రైలు మేట్టుపాళయంలో ఆగేసరికే ఆ మొక్క చెమటలు కక్కుతూ ఉంటుంది.

షోలాపూర్ దానిమ్మ

ఇక అసలు కథ షోలాపూర్‌లో ఉన్నది. తెలంగాణా నుంచి వెళ్ళిన పద్మశాలీల మగ్గాలతో పేరుపొందిన ఊరు. ఏడాదికి వాన 30 అంగుళాల లోపు. అదీ ఒక్కొక్క ఏడు మొగం చాటేస్తుంది. వైశాఖంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వడియాలు పొద్దున పెడితే సాయంత్రానికి డబ్బాలో పోసుకోవచ్చు.

అక్కడ మాకు వరసకు పిన్నిగారి ఇల్లు ఒకటి ఉన్నది. కోడలు కోనసీమ పిల్ల. పుట్టింటి నుంచి తమలపాకు తీగ మూడుసార్లు తెచ్చింది. మూడుసార్లూ పెరట్లో ఎండకు మాడిపోయింది. హస్తవాసి మాట ఆ ఇంట్లోనూ వినబడింది. నేను వెళ్ళినరోజున ఆ పిల్ల నాకు పెరడు చూపించింది. తమలపాకు తీగ నాటిన చోటికి పది అడుగుల దూరంలో దానిమ్మ చెట్టు. కొమ్మలు వంగిపోయేటట్టు కాయలు, ఒక్కొక్కటి రెండు చేతులా పట్టుకోవలసినంత. "ఇది ఎవరు నాటారమ్మా?" అన్నాను. "నేనే నాటాను పెద్దమ్మా" అన్నది. అదే చెయ్యి, అదే నుయ్యి, అదే మట్టి. పిన్ని ఏమీ అనలేదు. ఒక కాయ కోయించి నా చేతిలో పెట్టింది.

దానిమ్మకు పొడిగాలే ప్రాణం. షోలాపూర్ దానిమ్మకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. కేంద్రప్రభుత్వంవారి దానిమ్మ పరిశోధన సంస్థ కూడా 2005 నుంచి ఆ ఊళ్ళోనే ఉన్నది. రైతులు అక్కడ చేసే పని వింటే మనకు వింతగా ఉంటుంది. పూత కావలసినప్పుడు కొన్ని వారాలపాటు చెట్టుకు నీళ్ళు మానేస్తారు. ఆకు రాలి, చెట్టు బిక్కచచ్చినట్టయ్యాక కొమ్మ కత్తిరించి, ఎరువు వేసి, నీరు పెడతారు. ఒక్కసారిగా పూత పొంగుతుంది. దీనిని వాళ్ళు బహార్ పట్టడం అంటారు. మాఘంలో పట్టేది అంబే బహార్, తొలకరిలో పట్టేది మృగ్ బహార్, హస్తకార్తెలో పట్టేది హస్త బహార్. వానలో తడిసే పంటకు ఒక తెగులు భయం. ఆకుమీద, కాయమీద నూనె చుక్క పడ్డట్టు మచ్చలు వస్తాయి గనుక తేల్యా అని పిలుస్తారు. వానచినుకులతో పాకిపోయి కాయను పగలగొడుతుంది. పొడిగాలి ఉన్నన్నాళ్ళు అది అంతగా రేగదు.

ఆ దానిమ్మ అంటునే తెచ్చి కోనసీమలో, యానాంలో నాటి చూడండి. చెట్టు ఏపుగా పెరుగుతుంది. పూత రాలిపోతుంది, నిలిచిన కాయకు మచ్చలు పడతాయి. అప్పుడు హస్తవాసి ఎవరిదనాలి?

ఆ పిల్ల తరువాత ఒక ఉపాయం చేసింది. స్నానాల గది వెనుక, ఉత్తరపు గోడ నీడన, నీళ్ళు పారి ఎప్పుడూ చెమ్మగా ఉండే మూల ఒకటి ఉన్నది. అక్కడ పెద్ద మట్టికుండీలో నాలుగోసారి తీగ పెట్టి, గోడకు తడిగోనె వేలాడదీసింది. చుట్టూ అరటిపిలక, చేమ, పుదీనా కుండీలు చేర్చింది. ఒక ఆకు వదిలే ఆవిరి మరొకదానికి కాపు అవుతుంది. తీగ బతికింది. పుట్టింటిలో లాగా అడవిగా పాకలేదు, కాని పండుగలకు తాంబూలానికి సరిపోయే ఆకు ఇస్తున్నది. ఊరి గాలిని మార్చలేకపోయినా నాలుగు అడుగుల మేర గాలిని మార్చుకోవచ్చునని నాకు అక్కడ తెలిసింది.

బొంబాయి ఉప్పు జాడీ

షోలాపూర్ నుంచి ఒక్కరాత్రి రైలు ప్రయాణం చేస్తే ముంబయి. మనవాళ్ళు ఇప్పటికీ బొంబాయి అనే పిలుస్తారు. కామాఠీపురానికి ఆ పేరు తెచ్చినది తెలుగునాటి నుంచి వెళ్ళిన కామాటీ పనివాళ్ళేనని అందరికీ తెలుసు. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు లోపల 80 అంగుళాలకు పైగా వాన కురుస్తుంది. మిగతా ఎనిమిది నెలల్లో దాదాపు ఏమీ ఉండదు. జూలైలో ఉప్పు జాడీలో నీరు ఊరుతుంది.

ఆ నెలల్లోనే బాల్కనీలో తులసి చచ్చిపోతుంది. తులసి పోతే ఇంటికి అరిష్టమని మనసు బాధపడుతుంది. అది అరిష్టం కాదు, వేరుకు ఊపిరాడకపోవడం. వేళ్ళకు నీరు ఎంత అవసరమో గాలి అంత అవసరం. కుండీ అడుగు చిల్లు మూసుకుపోయి నీరు నిలిస్తే రెండుమూడు రోజుల్లో వేరు కుళ్ళడం మొదలవుతుంది. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి చిల్లు తెరిచి ఉంచాలి. మట్టిలో మూడవవంతు ఇసుక కలపాలి. జల్లు తగలని గోడవారకు జరపాలి. నాలుగు నెలలు నీళ్ళు ఆచి తూచి పోయాలి. అదే బాల్కనీలో ఫెర్నులు, మనీప్లాంటు, చేమజాతి మొక్కలు ఆ వానల్లో వెర్రిగా పెరుగుతాయి. షోలాపూర్‌లో తడిగోనె కట్టి బతికించవలసినవి అవి.

చేయదగిన పనులు

కొత్త ఊరు వెళ్ళినప్పుడు ముందుగా మొక్క కొనకండి. ఒక సాయంకాలం వీధుల్లో నడిచి, పాత ఇళ్ళ పెరళ్ళూ, గుడి తోటా చూడండి. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోకపోయినా నిలిచి ఉన్నవేవో గుర్తుపెట్టుకోండి. మీ గాలికి తగిన మొక్కల పట్టిక అదే. ఈ రోజుల్లో ఫోనులో బొమ్మ చూసి మొక్క తెప్పించుకుంటున్నాం. ఆ బొమ్మ ఏ ఊరి గాలిలో తీసినదో అందులో రాసి ఉండదు.

కొమ్మ కావాలంటే పక్కింటివారిని అడగండి. దూరపు నర్సరీలో పెరిగిన మొక్క కంటె పక్కింటి కొమ్మ మేలు, అది ఆ గాలికి అలవాటుపడి ఉంటుంది. ఇరుగుపొరుగుతో మాట కలపడానికి కూడా ఇంతకంటె మంచి నెపం లేదు.

దూరంనుంచి తెచ్చినదైతే రెండు వారాలు నీడన ఉంచండి. కుండీలన్నీ దగ్గర దగ్గరగా చేర్చండి. పొడి ఊళ్ళలో మొదట్లో కొబ్బరిపీచో, ఎండుటాకులో పరిస్తే తడి తొందరగా ఆరదు. పడమటి ఎండ తగలకుండా చూసుకోండి. తేమ ఊళ్ళలో ఆకుమీద నీళ్ళు చల్లకండి. మొదట్లోనే, అదీ పొద్దునపూట పోయండి. నీరు కరువైన ఊళ్ళో బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు పారబోయకండి. పది కుండీలకు అవి చాలు. కాగితంపూల తీగ, గన్నేరు, దేవగన్నేరు వంటివి నీరు తక్కువైతేనే బాగా పూస్తాయి.

పుట్టింటి మొక్క ఒక్కటైనా లేకపోతే మనసొప్పదంటారా, ఒక్కటే పెంచండి. దానికోసం ఒక మూల చూసి, ఆ మూల గాలిని దానికి తగినట్టు చేసి పెంచండి. మిగతా పెరడంతా ఆ ఊరి మొక్కలకు వదిలిపెట్టండి.

చివరగా ఒక్క కోరిక. ఒక నోటుపుస్తకంలో ఏ మొక్క ఏ నెలలో నాటారో, ఏ నెలలో చిగిర్చిందో, ఏ నెలలో నిద్రపోయిందో, ఉప్పు జాడీ ఏ నెలలో చెమర్చిందో రాసి పెట్టండి. రెండు మూడేళ్ళు రాస్తే మీ ఊరి గాలి సంగతి పూర్తిగా తెలిసిపోతుంది. ఆ పుస్తకాన్ని మీ ఊరికి కొత్తగా కాపురానికి వచ్చిన తెలుగు కోడలికి, ఒక కొమ్మతో సహా, ఇవ్వండి.